కిమురా అడిగింది వేరు, మీరు రాసింది వేరు

సంపాదక మహాశయులకు నమస్కారములు.

గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో జపాన్ జన్యు శాస్త్రజ్ఞుడు మొతో కిమురా జీవితం గురించి ఒక పుట నిండా వ్యాసం వచ్చింది. డార్విన్‌ను ఆయన ఓడించాడని, ఆ నేరానికి శాస్త్రలోకం ఆయనను వెలివేసిందని, కాబట్టి జీవపరిణామాన్ని బడి పిల్లలకు చెప్పడం మానుకోవలసిందేనని అందులో ఉంది. తిరుపతిలోని ఒక డిగ్రీ కళాశాలలో 31 ఏళ్లు జంతుశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఉదయం నడకలో కలిసే మిత్రుడొకరు ఆ పుటను నాలుగు మడతలు పెట్టి జేబులో తెచ్చి, "ఏం సార్, ఇన్నేళ్లు మీరు పిల్లోళ్లకు చెప్పిందంతా తప్పంట గదా" అని నవ్వుతూ అడిగారు. నడక ముగిసేలోపు చెప్పగలిగే జవాబు కాదు గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంత పొడవైనా పూర్తిగా ప్రచురించవలసిందిగా మనవి.

మొదట ఒక మాట ఒప్పుకోవాలి. కిమురాను తెలుగు పాఠకులకు పరిచయం చేయాలన్న ఆలోచన మంచిదే. మెండెల్, మోర్గాన్, వాట్సన్, క్రిక్ పేర్లు పాఠ్యపుస్తకాల వల్ల మన పిల్లలకు తెలుసు గానీ, ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో పరిణామ సిద్ధాంతాన్ని అందరికంటే ఎక్కువగా కుదిపిన ఈ మనిషి పేరు జీవశాస్త్రంలో పీజీ చేసినవారిలో కూడా చాలామందికి తెలియదు. కుదిపాడన్న మాట నిజం. అయితే దేనిని కుదిపాడు, ఎంతవరకు కుదిపాడు అన్న దగ్గరే మీ వ్యాసం దారి తప్పింది.

కిమురా 1924 నవంబర్ 13న జపాన్‌లోని ఒకజాకి పట్టణంలో పుట్టారు. తండ్రికి పూల మొక్కలంటే ఇష్టం. కొడుకుకు ఆయన కొనిచ్చిన సూక్ష్మదర్శిని ముందు ఆ పిల్లవాడు గంటల తరబడి కూర్చునేవాడట. బడి వయసులో కలుషితాహారం వల్ల జబ్బుపడి ఇంట్లో ఉండిపోయిన రోజుల్లో యూక్లిడ్ జ్యామితి చదువుకున్నారు. ఆ పూలు, ఈ లెక్కలు కలిసి ఆయన జీవితమంతా నడిపించాయి. యుద్ధకాలంలో, 1944లో, క్యోటో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రంలో చేరారు. అక్కడ గోధుమ జన్యుశాస్త్రంలో పేరుమోసిన హితోషి కిహారా ఆయనకు అండగా నిలిచారు. మనం ఎండాకాలంలో తినే గింజలు లేని పుచ్చకాయను రూపొందించింది కూడా ఈ కిహారాయే. 1949లో ఫ్యూజీ పర్వతానికి దగ్గరలోని మిషిమా పట్టణంలో కొత్తగా పెట్టిన జాతీయ జన్యుశాస్త్ర సంస్థలో కిమురా ఉద్యోగంలో చేరారు. 1953లో అమెరికా వెళ్లి, మొదట అయోవాలోను తర్వాత విస్కాన్సిన్‌లో జేమ్స్ క్రో దగ్గరా చదివి, 1956లో డాక్టరేట్ తీసుకుని తిరిగి మిషిమాకే వచ్చేశారు. చివరిదాకా ఆ ఊరే, ఆ సంస్థే.

ఇక ఆయన వేసిన ప్రశ్న. 1960ల నాటికి పరిణామ శాస్త్రంలో గట్టిపడిన అభిప్రాయం ఏమిటంటే, ఒక జీవజాతిలో కొత్తగా పుట్టిన ఉత్పరివర్తనం (జన్యువులో వచ్చే మార్పు) తరతరాలుగా వ్యాపించి ఆ జాతి మొత్తానికి స్థిరపడిందంటే, అది ఏదో ఒక మేలు చేసి ఉండాలి, ప్రకృతి వరణం, అంటే మేలైన లక్షణాలున్న జీవులే ఎక్కువగా బతికి సంతానం కనడం, దానిని ఎంచుకుని ఉండాలి. అదే కాలంలో ప్రోటీన్లలోని ఎమైనో ఆమ్లాల వరుసలను చదవడం శాస్త్రవేత్తలకు చేతనైంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆల్ఫా గొలుసులో 141 ఎమైనో ఆమ్లాలుంటే, గుర్రం గొలుసుతో పోల్చినప్పుడు 18 చోట్ల తేడా కనబడుతుంది. ఇలాంటి పోలికలను తీసుకుని కిమురా లెక్క కట్టారు. నూరు ఎమైనో ఆమ్లాల పొడవున్న ప్రోటీన్‌లో సుమారు 2.8 కోట్ల సంవత్సరాలకు ఒక మార్పు స్థిరపడుతున్నట్టు తేలింది. వినడానికి ఇది నత్తనడకే. కానీ క్షీరదాల జన్యు సముదాయంలో సుమారు 400 కోట్ల జతల డీఎన్‌ఏ అక్షరాలుంటాయన్న నాటి అంచనాను దీనికి కలిపితే, మొత్తం మీద రెండేళ్లకు ఒకటి చొప్పున మార్పులు స్థిరపడుతూ ఉండాలి.

ఇక్కడే చిక్కు. 1957లో బ్రిటిష్ జన్యు శాస్త్రజ్ఞుడు హాల్డేన్ మరొక లెక్క కట్టారు. ఒక మేలైన జన్యువు పాతదానిని తోసేసి స్థిరపడాలంటే, అది లేని జీవులు అంతమేర చనిపోవాలి, లేదా సంతానం తక్కువ కనాలి. ఆ మూల్యాన్ని ఒక జాతి తట్టుకోవాలంటే సుమారు 300 తరాలకు ఒక మార్పును మించి భరించలేదని ఆయన తేల్చారు. (ఆ ఏడాదే హాల్డేన్ ఇంగ్లండ్ వదిలి కలకత్తా వచ్చి, మన దేశపు బట్టలు కట్టి, మన పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన లెక్కను మిషిమా వాసి ఎటు తిప్పాడో చూడకుండానే పోయారన్నది నాకు ఎప్పుడూ కొంచెం బాధ కలిగించే విషయం.) 300 తరాలకు ఒకటి ఎక్కడ, రెండేళ్లకు ఒకటి ఎక్కడ! స్థిరపడే మార్పులన్నీ వరణం వల్లే వస్తున్నాయంటే ఈ రెండు లెక్కలూ పొసగవు. కాబట్టి వాటిలో అత్యధిక భాగం మేలూ కీడూ చేయనివై, అంటే తటస్థమైనవై, కేవలం యాదృచ్ఛికంగా స్థిరపడి ఉండాలని కిమురా ప్రతిపాదించారు. 1968 ఫిబ్రవరి 17 నాటి 'నేచర్' పత్రికలో అచ్చయిన ఆ వ్యాసం మూడు పేజీలకు మించదు.

యాదృచ్ఛికంగా స్థిరపడటమంటే ఏమిటో మాటలతో చెబితే నా విద్యార్థులకు ఎన్నడూ ఎక్కేది కాదు. అందుకని ప్రతి ఏడాదీ ఇంటి నుంచి అలసందలు పట్టుకుపోయేవాడిని. ఒక గుడ్డ సంచిలో ఎర్రవి ఐదు, తెల్లవి ఐదు వేసి, ముందు వరుసలో కూర్చున్న పిల్లను పిలిచి, కళ్లు మూసుకుని ఐదు గింజలు తీయమనేవాడిని. మిగిలినవి పక్కన పారేసి, తీసిన ప్రతి గింజకూ అదే రంగుది ఇంకొకటి జతచేసి, మళ్లీ పది గింజలు సంచిలో వేయాలి. అది ఒక తరం. మళ్లీ ఐదు తీయాలి, మళ్లీ జతచేయాలి. మొదటి విడతలో ఎర్రవి మూడు వస్తాయి, సంచిలో ఆరవుతాయి. తర్వాత రెండే వచ్చి నాలుగవుతాయి. పిల్లలు పందేలు కాసేవారు. ఎనిమిదో విడతకో పదిహేనో విడతకో సంచిలో ఒకే రంగు మిగిలేది. ఎర్ర గింజ బలమైనదా? కాదు. తెల్లది చెడిపోయిందా? లేదు. తీసిన పిల్లకు ఏ రంగు మీదా పక్షపాతం లేదు. అయినా ఒక రంగు పూర్తిగా గెలిచింది, ఒకటి పూర్తిగా మాయమైంది. దీనినే జన్యు విస్థాపన అంటారు. ఈ ఊహ అప్పటికే ఉన్నదే, అమెరికన్ జన్యు శాస్త్రజ్ఞుడు సీవల్ రైట్ దాని గురించి ఎంతో రాశారు. నీటిలో సిరాచుక్క వ్యాపించడాన్ని లెక్కించే తరహా సమీకరణాలను దీనికి అన్వయించి, ఆ ప్రక్రియను మొదటి నుంచి చివరిదాకా గణితంలో సాధించింది మాత్రం కిమురాయే. 1955లో ఆ పరిష్కారం వెలువడేనాటికి ఆయనకు ముప్పై ఒకటి నిండలేదు.

ఆ సంచిలో ఎర్ర గింజ ఒక్కటే ఉండి మిగతా తొమ్మిదీ తెల్లవైతే, చివరికి ఎర్రదే మిగిలే అవకాశం పదింట ఒకటి. ఇది గుర్తుంచుకుంటే కిమురా సిద్ధాంతంలోని అందమంతా ఒక చిన్న లెక్కలో దొరుకుతుంది. 500 పశువులున్న మందలో ఒక్కో జన్యువుకు వెయ్యి ప్రతులుంటాయి. తరానికి లక్ష ప్రతుల్లో ఒకదానిలో మార్పు వస్తుందనుకుందాం. ఈ మందలో నూరు తరాలకు ఒక కొత్త మార్పు పుడుతుంది, అది చివరికి మంద మొత్తానికి స్థిరపడే అవకాశం వెయ్యింట ఒకటి. వెరసి లక్ష తరాలకు ఒక మార్పు స్థిరపడుతుంది. ఇప్పుడు మందను ఐదు లక్షలు చేయండి. తరానికి పది కొత్త మార్పులు పుడతాయి, ఒక్కోదాని అవకాశం పది లక్షల్లో ఒకటికి పడిపోతుంది. మళ్లీ లక్ష తరాలకు ఒకటే! మంద చిన్నదా పెద్దదా అన్నది లెక్కలోంచి ఎగిరిపోయింది. తటస్థ మార్పులు స్థిరపడే వేగం, అవి పుట్టే వేగంతో సమానం. అందువల్లే ప్రోటీన్లలో తేడాలు లెక్కపెట్టి, రెండు జాతులు ఎన్ని కోట్ల ఏళ్ల క్రితం విడిపోయాయో అంచనా కట్టే అణు గడియారానికి ఒక ఆధారం దొరికింది. 31 ఏళ్లలో ఈ లెక్కను బోర్డు మీద వేసిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరించేది, పిల్లలకు జలదరించిందో లేదో చెప్పలేను.

మీ వ్యాసకర్త పొరబడింది దీని తర్వాతి మెట్టులో. కన్ను, రెక్క, మెదడు వంటివి కూడా గాలివాటంగా ఏర్పడ్డాయని కిమురా అన్నట్టు ఆయన రాశారు. కిమురా అలా ఎన్నడూ అనలేదు. జీవుల ఆకృతి, ప్రవర్తన, పరిసరాలకు అవి ఒదిగే తీరు ప్రకృతి వరణం చేతనే రూపొందుతాయని 1983లో వెలువడిన తన గ్రంథంలో కూడా స్పష్టంగా ఒప్పుకున్నారు. ఆయన వాదమంతా అణుస్థాయిలో స్థిరపడే మార్పుల సంఖ్య గురించి. మనం 'పంట' అని రాసినా, పాత పద్ధతిలో 'పణ్ట' అని రాసినా చదివేవాడి నోట వచ్చేది ఒకటే మాట. జన్యులిపిలోనూ అంతే, అక్కడ మూడేసి అక్షరాలు కలిసి ఒక ఎమైనో ఆమ్లాన్ని సూచిస్తాయి. వరుసగా రెండు జీ (G) అక్షరాలు వచ్చాక మూడో అక్షరం నాలుగింటిలో ఏదైనా తయారయ్యేది గ్లైసిన్ అనే ఎమైనో ఆమ్లమే. అర్థం మారని ఇలాంటి చోట్ల మార్పులు విచ్చలవిడిగా పేరుకుంటాయని, అర్థం మారే చోట నెమ్మదిస్తాయని తటస్థ సిద్ధాంతం చెబుతుంది. డీఎన్‌ఏ వరుసలు నేరుగా చదవడం మొదలయ్యాక కనబడింది సరిగ్గా అదే. మరొక కొసన హిస్టోన్ హెచ్4 అనే ప్రోటీన్ ఉంది. డీఎన్‌ఏ దారాన్ని చుట్టిపెట్టే ఆ ప్రోటీన్‌లో 102 ఎమైనో ఆమ్లాలుంటే, ఆవుకూ బఠానీ మొక్కకూ మధ్య తేడా రెండంటే రెండు చోట్ల. నూరు కోట్ల ఏళ్లకు పైబడిన ఎడబాటులో రెండే మార్పులు! అక్కడ వేలుపెట్టిన ఏ మార్పునైనా వరణం ఊడ్చేస్తోందన్న మాట. కిమురా సిద్ధాంతంలో వరణానికి ఉన్న పెద్ద పని ఇదే. డార్విన్‌ను ఓడించానని చెప్పుకునేవాడు డార్విన్ చీపురును తన ఇంట్లోనే ఎందుకు పెట్టుకుంటాడు?

వెలివేశారన్నది కూడా నిజం కాదు. గొడవ జరిగిందన్నది నిజం, అది చాలా పెద్ద గొడవ. 1969లో కింగ్, జ్యూక్స్ అనే ఇద్దరు అమెరికన్లు ఇదే అభిప్రాయాన్ని విడిగా ప్రకటిస్తూ, తమ వ్యాసానికి 'డార్వినేతర పరిణామం' అని కావాలనే రెచ్చగొట్టే పేరు పెట్టారు. వరణవాదులు ఇరవై ఏళ్లపాటు ఎదురుదాడి చేశారు. హాల్డేన్ మూల్యం మీద కట్టిన తొలి వాదనను పలువురు తప్పుబట్టారు, వారి ఆక్షేపణల్లో పస ఉందనే నేనూ అనుకుంటాను. కిమురా సహోద్యోగి తొమొకో ఓతా 1973లో, పూర్తిగా తటస్థమైనవే కాక స్వల్పంగా హానిచేసే మార్పులు కూడా చిన్న సమూహాల్లో స్థిరపడగలవని సిద్ధాంతాన్ని సవరించారు. ఈ తగవంతా పత్రికల్లో, సభల్లో, లెక్కలతో, ఎవరి పేరు వారు పెట్టుకుని జరిగింది. ఆ తగవు నడుస్తుండగానే 1976లో జపాన్ ప్రభుత్వం ఆయనకు తన సంస్కృతీ పురస్కారాన్ని ఇచ్చింది. 1992లో లండన్ రాయల్ సొసైటీ ఇచ్చిన పతకం పేరేమిటో మీ వ్యాసకర్త చూసి ఉంటే అలా రాయడానికి కలం సాగేది కాదు. అది డార్విన్ పతకం.

సిద్ధాంతం ఇప్పుడు ఎలా వాడుకలో ఉందో కూడా రెండు మాటలు చెప్పాలి. 1983లో మార్టిన్ క్రైట్‌మన్ అనే పరిశోధకుడు పండు ఈగల్లో ఆల్కహాల్‌ను విరిచే ఒక జన్యువును 11 ప్రతుల్లో చదివి, 43 చోట్ల తేడాలు చూశారు. వాటిలో ప్రోటీన్‌ను మార్చేది ఒక్కటే. తర్వాత 1991లో ఆయన, మెక్‌డొనాల్డ్ కలిసి తటస్థ లెక్కనే కొలబద్దగా పెట్టుకుని, అదే జన్యువులో ఆ లెక్కకు మించి కనబడిన మార్పులను బట్టి వరణం జాడ పట్టుకున్నారు. అంటే వరణం ఎక్కడ పనిచేసిందో తెలియాలంటే ముందు అది పనిచేయకపోతే ఎలా ఉంటుందో తెలియాలి. ఆ రెండోది ఇచ్చినవాడు కిమురా. డార్విన్‌ను పూడ్చడానికి తెచ్చారని మీ పత్రిక అనుకున్న పలుగుతో ఇవాళ డార్విన్ చెప్పినదాన్నే తవ్వి తీస్తున్నారు.

మన ప్రాంతం వారికి ఇదేదో జపాన్ ముచ్చటగా అనిపించవచ్చు, కాదు. పుంగనూరు ఆవును తీసుకోండి. పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఆ పొట్టి జాతిని కాపాడుకొస్తోంది. సంఖ్య పెరిగితే జాతి బతికినట్టేనని మనం అనుకుంటాం. కానీ నూరు ఆవులకు నాలుగే ఆబోతులున్న మందను జన్యుశాస్త్రం నూట నాలుగు పశువుల మందగా లెక్కించదు. రైట్ సూత్రం ప్రకారం అది విస్థాపన దృష్టిలో పదిహేను పశువుల మందతో సమానం. నా సంచిలో గింజల మాదిరే అక్కడ మంచి లక్షణాలు కూడా, ఎవరి తప్పూ లేకుండా, తరతరానికీ జారిపోతాయి. ఒకే ఆబోతును ఊరూరా తిప్పేవారికి ఈ సంగతి చెప్పవలసిన పుట మీ ఆదివారం అనుబంధమే.

ఇంకొకటి. శేషాచలం కొండల్లో తప్ప సహజంగా దాదాపు మరెక్కడా కనబడని సైకస్ బెడ్డోమీ అనే మొక్క ఉంది, ఎండిన గడ్డి మధ్య చిన్న ఈతచెట్టులా నిలబడి ఉంటుంది. సైకస్ కుటుంబాన్ని సజీవ శిలాజాలంటారు, ఆకారం అంత పాతది. విద్యార్థులను కొండకు తీసుకెళ్లినప్పుడు ఎవరో ఒకరు, "ఇది మారనే లేదు కదా, మరి పరిణామం ఏమైంది సార్" అని అడగకుండా ఉండేవారు కాదు. కిమురా దీనికి షార్కుతో జవాబిచ్చారు. పోర్ట్ జాక్సన్ షార్కు కూడా ఇలా ఆకారం మారని జీవే. అయినా దాని హిమోగ్లోబిన్ ఆల్ఫా, బీటా గొలుసుల (ఒకే పాత జన్యువు నుంచి విడిపోయినవి) మధ్య తేడాలు, వేగంగా రూపం మార్చుకున్న మనిషిలో ఎన్ని ఉన్నాయో సుమారుగా అన్నే పేరుకున్నాయి. బయటి ఆకారం ఆగినా లోపలి గడియారం ఆగలేదు. వరణం ఒక పని చేస్తోంది, విస్థాపన ఒక పని చేస్తోంది. రెండూ పరిణామమే.

పాఠ్యపుస్తకాల నుంచి తీసేయాలన్న మీ వ్యాసం చివరి సూచన విషయానికి వస్తే, అది సగం ఇప్పటికే జరిగింది. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో 'అనువంశికత - పరిణామం' అన్న పాఠంలోంచి రెండో మాటను, దానితోపాటు ఆ భాగాన్ని తీసేసింది. భారం తగ్గించామని వివరణ. పద్దెనిమిది వందల మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు సంతకాలు చేసి అభ్యంతరం చెప్పారు. ఇంటర్లో బైపీసీ తీసుకునేవారికి ఆ పాఠం తర్వాత ఎదురవుతుంది. ఎంపీసీకో సీఈసీకో పోయేవారికి, పదితో చదువు ఆపేవారికి ఇక ఎక్కడా ఎదురుకాదు. అలాంటి పాఠకుడు మీ వ్యాసం చదివితే, ఉన్న సిద్ధాంతం ఏమిటో తెలియకుండానే దానిని ఎవరో పడగొట్టారని మాత్రం నేర్చుకుంటాడు. కిమురాను నిజంగా అర్థం చేసుకోవాలంటే డార్విన్‌ను ముందు చదవక తప్పదు. సిద్ధాంతాన్ని దాచి, దానిమీద వచ్చిన ప్రశ్నను మాత్రం చూపడం ఏ రకం పత్రికా ధర్మమో నాకు బోధపడలేదు.

వ్యాసంలో రాని ఒక సంగతి రాసి ముగిస్తాను. వారమంతా యాదృచ్ఛికత గురించి లెక్కలు వేసిన ఈ పెద్దమనిషి ఆదివారాలు ఆర్కిడ్ మొక్కల మధ్య గడిపేవారు. ఒక రకం పుప్పొడి ఇంకొక రకానికి తానే అద్ది, పుట్టిన మొక్కల్లో బాగున్నవాటిని తానే ఎంచుకునేవారు. వరణానికి విలువ లేదన్న మనిషి చేసే పని కాదది. చివరి రోజుల్లో నరాల వ్యాధితో క్షీణించి, మిషిమాలో ఇంట్లో జారిపడి, తలకు దెబ్బతగిలి, 1994 నవంబర్ 13న, సరిగ్గా డెబ్బై ఏళ్లు నిండిన రోజున కన్నుమూశారు.

సవరణ అదే పుటలో, అదే పరిమాణంలో అక్షరాలతో వేయవలసిందిగా కోరుతున్నాను. వేసేటప్పుడు ఆయన మొదటి పేరు కూడా సరిచేయండి. Motoo అన్న ఇంగ్లీషు స్పెల్లింగు చివర రెండు ఓలు చూసి మీవారు 'మోటూ' అని రాశారు. జపనీయులు చివరి ఓకారాన్ని సాగదీసి 'మొతో' అని పలుకుతారు. అంత సున్నితమైన లెక్కలు వేసిన మనిషిని తెలుగులో మోటువాడిని చేయవద్దు.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
తిరుపతి.